అమ్మక తప్పని పశువు, ఒప్పని మనసు

పది మేకలున్న ఇంట్లో ఏడాది తిరిగేసరికి మంద ఎంతవుతుందో ఒకసారి లెక్క వేయండి. మేక చూలు సుమారు 150 రోజులు. ఈతకు రెండు పిల్లలు మామూలే. పది ఈనితే ఇరవై, అందులో సగం పోతులు. మందకు కావాల్సింది మాత్రం ఒక్క పోతే, అది పాతిక ముప్పై మేకలకు సరిపోతుంది. ఆ ఒక్కదాన్నైనా ఎల్లకాలం ఉంచుకోలేం. దానికి పుట్టిన పెంటిపిల్లలు ఎదకొచ్చే వేళకు పోతును మార్చేయాలి, లేకపోతే దగ్గరి రక్తం కలిసి పిల్లలు నీరసంగా పుడతాయి. కాబట్టి విశాఖ చుట్టుపక్కల ఆనందపురంలోనో, పద్మనాభంలోనో జీవాలు కాసుకునే మనిషి దగ్గర నాలుగు ఎక్కువయ్యాయంటే అతను లెక్క తప్పాడని కాదు. పెంపకమంటేనే అంత.

గేదెల దగ్గర లెక్క ఇంకా కరుకు. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గేదెజాతి పశువులు 62 లక్షల పైమాటే. ఈనిన ప్రతిసారీ పెయ్య పుట్టడానికి ఎంత అవకాశముందో దున్న పుట్టడానికీ అంతే. ఒకప్పుడు దున్నకు నాగలి దగ్గర, బండి దగ్గర పని ఉండేది. ట్రాక్టరు వచ్చాక ఆ పని పోయింది. దున్నదూడ తాగే పాలు, తినే తవుడు మాత్రం తగ్గలేదు.

ఇంత స్పష్టమైన లెక్క ముందున్నా, తోలుకెళ్లే రోజు ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినరు. దీన్ని మెత్తదనం అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నా ఉద్దేశంలో పశువును బాగా సాకే నేర్పు ఏదో, అమ్మేటప్పుడు గుచ్చుకునేదీ అదే. రెండూ విడివిడిగా దొరకవు.

గేదె చేపడమే, అంటే పొదుగులోకి పాలు దించడమే చూడండి. దూడ మూతి తగిలినా, పొదుగు కడిగి నిమిరినా నరాల ద్వారా మెదడుకు కబురు వెళ్తుంది. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ రక్తంలోకి దిగుతుంది. అది పొదుగుకు చేరితే పాలు ఊరే చిన్న చిన్న తిత్తుల చుట్టూ ఉన్న కణాలు బిగుసుకుని పాలను కిందికి నెడతాయి. ఆవు పొదుగులో దాదాపు ఐదో వంతు పాలు ముందే కింది గదిలోకి దిగి ఉంటాయి. గేదెలో ఆ వాటా ఇరవయ్యో వంతు మాత్రమే. అంటే గేదె చేపకపోతే చెంబు అడుగు కూడా సరిగ్గా తడవదు. భయపడిందా, అడ్రినలిన్ వచ్చి ఈ పనంతటికీ అడ్డం పడుతుంది. కొత్త మనిషి కూర్చుంటే గేదె కాలు ఝాడించి పాలు ఎగబట్టేది అందుకే. తెలిసిన చేయి, తెలిసిన గొంతు, రోజూ అదే వేళ, కుడితి తొట్టి చప్పుడు: ఇవన్నీ గేదె ఒంట్లో హార్మోన్‌ను కదిలించే మీటలు.

రోజుకు రెండు పూటలా ఆ మీటలు నొక్కేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. సంతకు తోలుకెళ్లేది మగవాళ్లు. గేదె తిండి తగ్గించిందని అందరికంటే ముందు కనిపెట్టిన మనిషి బేరం దగ్గర ఉండదు. ఈ సంగతి పుస్తకాల్లో పెద్దగా కనిపించదు గానీ, ఏ సాలలో నిలబడి చూసినా తెలుస్తుంది.

2009లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయం వాళ్లు బ్రిటన్ పాడి రైతులు 516 మందిని అడిగి ఒక లెక్క తేల్చారు. ఆవుల్ని పేరు పెట్టి పిలిచే రైతుల దగ్గర ఒక్కో ఆవు ఈతకు 258 లీటర్లు ఎక్కువిచ్చింది. పేరులో మహిమ ఏమీ లేదు. పేరు పెట్టే మనిషి ఒక్కో పశువునూ విడిగా చూస్తాడు, విడిగా చూసేవాడికి జబ్బు ముందే కనబడుతుంది. ఈ పరిశోధనకు అదే ఏడాది ఇగ్‌నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పనులకిచ్చే బహుమతి అది. మన ఊళ్లలోనూ గేదె అయితే గౌరి, లక్ష్మి. దున్నదూడ మాత్రం "దూడ". ఎవరూ కూర్చుని నిర్ణయించకపోయినా మనసు ముందే కొంత దూరం జరిగి నిలబడుతుందన్నమాట.

ఆ దూరం అన్నిసార్లూ నిలవదు. స్కాట్లండ్‌లో పశుపోషకుల మధ్య తిరిగి పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త రోడా విల్కీ గమనించిందేమిటంటే, మందలో మామూలుగా పెరిగే పశువు మందలో భాగంగానే ఉండిపోతుంది. జబ్బు చేసో, తల్లి వదిలేసో మనిషి చేతిమీద పెరిగినది మాత్రం మందలోంచి బయటికొచ్చి "మనది" అయిపోతుంది. తల్లి చచ్చిపోతే సీసా పాలు పట్టి బతికించిన మేకపిల్లను అమ్మాల్సి వచ్చిన ఇంటివాళ్లకు దీనికి రుజువు అక్కర్లేదు.

పైగా అటువైపు ఉన్నది మట్టిముద్ద కాదు. లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో చూపించారు: పిల్లల్ని వేరుచేసిన ఏడు నుంచి పదమూడు నెలల తర్వాత కూడా తల్లిమేకలు వాటి పాత అరుపుల్ని గుర్తుపట్టాయి. 2016లో అక్కడివాళ్లే ఇంకో పరీక్ష పెట్టారు. తిండి ఉన్న పెట్టె తెరుచుకోకుండా చేస్తే, మేకలు కాసేపు తంటాలు పడి, పక్కన నిలబడ్డ మనిషి ముఖంలోకి చూడటం మొదలుపెట్టాయి. బండి ఎక్కించేటప్పుడు తనవైపే చూసిందని ఎవరైనా అంటే అది వట్టి ఊహ అని నవ్వేయనక్కర్లేదు. ఇరుక్కున్నప్పుడు మేక మనిషి వైపు చూస్తుంది.

ఇక సంత. పక్క విజయనగరం జిల్లా అలమండ సంత లాంటి చోట్ల తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని నడిచే బేరం ఈ తరం వాళ్లు కూడా చూసే ఉంటారు. ధర పైకి వినబడదు. అమ్మేవాడు చెప్పే రేటు కొనేవాడికి ఎప్పుడూ ఎక్కువే అనిపిస్తుంది, ఇది పశువుల సంతకే పరిమితం కాదు. కానమన్, నెట్ష్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు 1990లో ప్రచురించిన ప్రయోగంలో కొందరికి కాఫీ కప్పులు ఇచ్చి, కాసేపటికే ఎంతకు అమ్ముతారని అడిగారు. చేతిలో కప్పు ఉన్నవాళ్లు చెప్పిన ధర, లేనివాళ్లు ఇస్తామన్న దానికి రెట్టింపు దాటింది. కాసేపు చేతిలో ఉన్న కప్పుకే అంత ఉంటే, పుట్టిన రోజు జిగురు తుడిచి నిలబెట్టిన దూడకు ఎంతుండాలి? మధ్యలో దళారి తినేస్తాడని తిడతాం గానీ, ఆ ధరను కళ్లు దించుకోకుండా చెప్పగలిగేది అతనే. అతని కమిషన్లో కొంత దానికీ వెళ్తుందని నాకనిపిస్తుంది. పశువును ఇచ్చినా పలుపు ఇవ్వని ఆచారం చాలా ఊళ్లలో ఉంది. కొన్నవాడు తన తాడు తాను తెచ్చుకోవాల్సిందే.

గొడ్డును అమ్మినందుకు ఎవరూ పరామర్శకు రారు. డబ్బులు వచ్చాయి కదా, ఇంకేం అంటారు. లోకం దుఃఖంగా ఒప్పుకోని ఇలాంటి దుఃఖాల గురించి అమెరికా పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో రాశాడు. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి వచ్చి 60 లక్షలకు పైగా పశువుల్ని చంపేశారు. బాగా దెబ్బతిన్న కంబ్రియా ప్రాంతంలో 54 మంది చేత లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు వారంవారం డైరీలు రాయించారు. సొంత మనుషులు పోయినట్టుందని, అధికారుల మీద నమ్మకం పోయిందని అందులో బయటపడింది. ఏటా వధకు పశువుల్ని అమ్మే ప్రాంతమే అది. చావు వాళ్లకు కొత్త కాదు. ఇంకా అమ్మే వయసు రానివి, ఈనబోయేవి, తరాలుగా పెంచుకొచ్చిన మందలు, వేళ కాని వేళ కళ్లముందే పోవడం కొత్త. అందుకే, ఎప్పుడు, ఎవరికి, ఏ వయసులో అన్న వరస చెడకపోవడం పశుపోషకుడి మనసుకు చాలా ముఖ్యం అంటాను. గ్రామదేవత పండక్కని ముందే మొక్కి వదిలిన మేకపోతు విషయంలో ఇంటిల్లిపాదికీ మొదటి రోజు నుంచే సంగతి తెలుసు. దిగులుంటుంది గానీ, గుమ్మం దగ్గర తగువుండదు.

అమ్మకుండా ఉంటే సరి అనుకుంటే, ఆ దారి ఎక్కడికి పోతుందో విశాఖ రోడ్ల మీద కనిపిస్తుంది. డివైడర్ల పక్కన పడుకుని ప్లాస్టిక్ నమిలే పశువుల్లో వట్టిపోయాక వదిలేసినవి, ఎవరికీ అక్కర్లేని కోడెలు ఉంటాయి. సింహాచలం అప్పన్నకు కోడెదూడను మొక్కుగా ఇవ్వడం ఈ ప్రాంతపు పాత ఆచారం. భక్తి ఉంది, కాదనను. కానీ పనికిరాని మగదూడను కబేళా మాట ఎత్తకుండా ఇంటి నుంచి పంపే గౌరవమైన దారి కూడా అదే. తీరా చూస్తే ఆ దూడల్ని మేపే లెక్క దేవస్థానం గోశాల మీద పడుతుంది. తల్లి పాలు వదలని దూడను తెచ్చి కట్టేస్తే బతకడం కష్టం. మొక్కు తీర్చుకునేవాళ్లు కనీసం గడ్డి తినే వయసొచ్చేదాకా ఆగాలి.

మగదూడలు పుట్టకుండానే చూసే మార్గం ఇప్పుడు ఉంది. ఆడదూడనిచ్చే వీర్యకణంలో డీఎన్ఏ మగదూడనిచ్చే దానికంటే దాదాపు 4 శాతం ఎక్కువ. రంగు పట్టించి, లేజర్ వెలుతురులో మెరుపు తేడాను బట్టి యంత్రం వాటిని వేరు చేస్తుంది. అలా వేరుచేసిన వీర్యంతో సూది వేయిస్తే పదింట తొమ్మిది పెయ్యలే. ప్రభుత్వం సబ్సిడీ కూడా ఇస్తోంది. పాడి రైతుకు ఇది పెద్ద ఊరటే, కానీ పాలు ఆగిపోయిన ముసలి గేదె సంగతి అలాగే ఉంటుంది. మేకల దగ్గరైతే ఈ పద్ధతికి పనే లేదు. అక్కడ చేతికి డబ్బులొచ్చేదే పోతుల మీద.