పోగు ఒకటి, వెలుగులు ఎనభై: ఆప్టికల్ లింకుపై అపోహలు - వాస్తవాలు

ఆప్టికల్ లింకు అంటే గాజు పోగు (ఫైబర్)లో వెలుగు రూపంలో డేటాను మోసే దారి. ఒకే పోగులో వేర్వేరు తరంగదైర్ఘ్యాల వెలుగులు పంపి ఎన్నో లింకులు నడపొచ్చు. ఆ పద్ధతినే డీడబ్ల్యూడీఎం అంటాం.

అపోహ: రెండు వేర్వేరు తరంగదైర్ఘ్యాలు తీసుకుంటే రెండు లింకులు ఉన్నట్టే.

ముందుగా దీన్నే తీసుకుంటున్నాను, ఎందుకంటే దీన్ని నమ్మి నష్టపోయినవారిని కళ్లారా చూశాను. గచ్చిబౌలిలో ఒక కార్యాలయానికి ప్రధాన లింకు ఒకటి, అది పడిపోతే ఆదుకోవడానికి ఇంకొకటి ఉండేవి. రెండు సర్క్యూట్ నంబర్లు, రెండు బిల్లులు. ఒక వానాకాలం రాత్రి రోడ్డు తవ్వుతున్న జేసీబీ కేబుల్‌ను తెంపింది. రెండు లింకులూ ఒకే క్షణంలో ఆగిపోయాయి. తీరా ఆరా తీస్తే, రెండూ ఒకే గాజు పోగులో ప్రయాణిస్తున్న రెండు లాంబ్డాలు! తరంగదైర్ఘ్యాన్ని మా పనిలో లాంబ్డా అంటాం.

లాంబ్డాలు వేరైతే డేటా ఒకదానితో ఒకటి కలవదు. కానీ పోగు తెగితే అన్నీ పోతాయి. లింకు కొనేటప్పుడు బిల్లులు లెక్కపెట్టుకుంటే చాలదు. కేబుల్ ఏ రోడ్డు వెంట వస్తోందో మ్యాపు అడగండి. రెండు దారులూ చివరికి మీ భవనం గేటు దగ్గర ఒకే పైపులో దూరుతున్నాయేమో అదీ చూడండి. అక్కడే చాలామంది దెబ్బతింటారు.

అపోహ: ఇన్ని వెలుగులు ఒకే పోగులో వెళితే ఒకదానికొకటి అడ్డుపడతాయి.

మామూలు శక్తిలో ఉన్నంతవరకు వెలుగులు ఒకదాని మీదుగా ఒకటి నిశ్చింతగా వెళ్లిపోతాయి. అంతర్జాతీయ ప్రమాణం 193.1 టెరాహెర్ట్జ్‌ను ఆనవాలుగా పెట్టుకుని ఛానెళ్లకు (ఒక్కో లాంబ్డా ఒక ఛానెల్) చోట్లు కేటాయించింది. వంద గిగాహెర్ట్జ్ ఎడం అంటే 1550 నానోమీటర్ల దగ్గర దాదాపు 0.8 నానోమీటర్లు. అవతలి చివర ఫిల్టర్ ఒక్కో లాంబ్డానూ విడదీస్తుంది. ఎనభై లాంబ్డాలు, ఒక్కోదానిపై వంద గిగాబిట్లు వేసుకుంటే ఒక్క పోగు మీద సెకనుకు 8 టెరాబిట్లు.

అయితే ఈ భయం పూర్తిగా ఉత్తిది కాదు. శక్తి మరీ పెంచితే గాజు స్వభావమే మారి, లాంబ్డాలు కలిసి కొత్త లాంబ్డాలను పుట్టిస్తాయి. అవి పక్క ఛానెల్ మీద పడతాయి. 1550 దగ్గర సంకేతం విస్తరించకుండా ప్రత్యేకంగా చేసిన ఫైబర్‌లో ఈ బెడద మరీ ఎక్కువ. ఒక్క ఛానెల్ కోసం మేలనుకున్న గుణమే అనేక ఛానెళ్లకు శత్రువైంది. అందుకే ఛానెల్ చేర్చిన ప్రతిసారీ శక్తి లెక్కలు మళ్లీ వేస్తాం. ఒక్కోటి ఒక మిల్లీవాట్ అయినా ఎనభై కలిస్తే ఎనభై మిల్లీవాట్లు మరి!

అపోహ: దూరం వెళ్లాలంటే ప్రతి ఛానెల్‌కూ వేరే యంత్రం కావాలి.

ఒకప్పుడు నిజమే. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. కిలోమీటరుకు 0.2 డీబీ (డెసిబెల్, వెలుగు నష్టానికి కొలమానం) చొప్పున 55 డీబీ పోతుంది. అంటే పంపిన వెలుగులో మూడు లక్షల వంతుల్లో ఒకటి మాత్రమే అవతలికి చేరుతుంది. 1980ల చివర్లో ఎర్బియం అనే లోహం కలిపిన ఫైబర్ యాంప్లిఫయర్ (వెలుగును బలపరిచే సాధనం) వచ్చాక కథ మారింది. సౌతాంప్టన్‌లో డేవిడ్ పేన్ బృందం, బెల్ ల్యాబ్స్‌లో డెసుర్విర్ బృందం దీనిపై పనిచేశాయి. వెలుగును విద్యుత్తుగా మార్చనక్కరలేకుండా, సుమారు ఎనభై కిలోమీటర్లకు ఒకటి చొప్పున పెడితే, 1550 చుట్టూ ఉన్న బ్యాండులోని లాంబ్డాలన్నిటి శక్తినీ ఒకేసారి పెంచుతుంది. నాకు మా రంగంలో దీన్ని మించిన అద్భుతం లేదు.

అపోహ: లాంబ్డాలు పెరిగితే డేటా త్వరగా చేరుతుంది.

చేరదు. గాజులో వెలుగు వేగం సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు. పెరిగేది మోసే పరిమాణమే.

అపోహ: పవర్ మీటర్‌లో వెలుగు కనిపిస్తే లింకు బాగున్నట్టే.

ఉప్పల్ దగ్గర ఒక జాయింట్ బాక్సు కోసం రెండు రాత్రులు వెతికాం. 1310 నానోమీటర్లలో ఓటీడీఆర్ (పోగులో ఎక్కడ ఎంత వెలుగు పోతోందో గీతగా చూపే పరికరం) గీత నున్నగా ఉంది. 1550లో పరీక్షిస్తే ఒకచోట ఒకటిన్నర డీబీ మెట్టు కనిపించింది. స్ప్లైస్ (పోగుల అతుకు) చెడితే నష్టం రెండింట్లోనూ ఇంచుమించు సమానంగా కనిపిస్తుంది. 1550లోనే పెరిగితే పోగు ఎక్కడో మెలిపడిందని అర్థం, ఎందుకంటే పొడవైన తరంగం వంపు దగ్గర ఎక్కువగా బయటికి జారిపోతుంది. డీడబ్ల్యూడీఎం నడిచేది సరిగ్గా ఆ 1550 చుట్టూనే.

మూత తీసి చూస్తే ట్రేలో పోగును ప్లాస్టిక్ టైతో గట్టిగా బిగించి ఉంది. ఆ చుట్ట నాణెమంత కూడా లేదు. టై కోసి, చుట్టను వదులు చేసి మళ్లీ గీత తీశాం. మెట్టు పోయింది.