కృత్రిమ మేధ రాకముందే మొదలైన తేడా

ఆస్పత్రుల్లో వాడే కంప్యూటర్ ప్రోగ్రాములు పక్షపాతం చూపుతున్నాయన్న చర్చ 2019 అక్టోబరులో ఊపందుకుంది. అమెరికాలో జియాద్ ఓబర్‌మేయర్ బృందం చేసిన అధ్యయనం అప్పుడే సైన్స్ పత్రికలో వచ్చింది. దీర్ఘకాలిక జబ్బులున్న వారిలో ఎవరికి ప్రత్యేకంగా నర్సులను కేటాయించి అదనపు సంరక్షణ ఇవ్వాలో ఎంచే సాఫ్ట్‌వేర్ ఒకటి అక్కడ విస్తృతంగా వాడుకలో ఉంది. రోగి జాతి ఏమిటో దానికి చెప్పనే లేదు. అయినా తేడా వచ్చింది. అది జబ్బు తీవ్రతను కాక, రోగి మీద అయ్యే ఖర్చును అంచనా వేసేది. నల్లజాతి వారికి వైద్యం అందేదే తక్కువ కాబట్టి ఖర్చూ తక్కువే కనిపించేది. అంతే జబ్బున్న శ్వేతజాతి రోగి ముందు వరసలోకి వెళ్లేవాడు. ఆ తేడాను సరిచేస్తే అదనపు సాయానికి ఎంపికయ్యే వారిలో నల్లజాతి వారి వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని లెక్క తేలింది.

తప్పంతా సాఫ్ట్‌వేర్‌దేనని చాలామంది అక్కడితో ఆగిపోయారు. ఆగకూడదు. కృత్రిమ మేధ నేర్చుకునే పాఠం మంచం పక్కన తయారవుతుంది. జ్వరం, బీపీ, ఆక్సిజన్ శాతం, పుండు పరిస్థితి, రాత్రి డ్యూటీలో రాసిన నోట్స్... వీటిలో ఎక్కువ భాగం నర్సుల చేతి మీదుగా వచ్చేవే. అందుకే ఈ సమస్య చరిత్రను నర్సు కొలిచే కొలతల దగ్గర వెతకాలి.

పల్స్ ఆక్సీమీటర్‌నే తీసుకుందాం. జపాన్‌లో నిహాన్ కొహ్డెన్ సంస్థ ఇంజినీరు తకువో అవొయాగి 1970ల మొదట్లో దాని సూత్రాన్ని కనిపెట్టారు. వేలి గుండా కాంతిని పంపి, రక్తం ఎంత పీల్చుకుందో చూసి ఆక్సిజన్ శాతాన్ని లెక్క కట్టే పరికరం అది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా కాంతిని పీల్చుకుంటుంది. నల్లజాతి రోగుల్లో ఈ రీడింగ్ ఎక్కువగా తప్పుతోందని అమెరికాలో 1990లోనే వైద్యులు రాశారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 30 ఏళ్ల తర్వాత, కోవిడ్ కాలంలో, మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు మళ్లీ లెక్క తీశారు. పరికరం 92 నుంచి 96 శాతం మధ్య చూపించినప్పుడు అసలు రక్తంలో ఆక్సిజన్ 88 శాతం కన్నా తక్కువ ఉన్న సందర్భాలు శ్వేతజాతి రోగుల్లో 3.6 శాతం, నల్లజాతి రోగుల్లో 11.7 శాతం. అంటే మూడు రెట్లకు పైగా. మందులను, వైద్య పరికరాలను నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఈ పరికరాలపై కొత్త ముసాయిదా మార్గదర్శకాలు తెచ్చేసరికి 2025 జనవరి అయింది. ఈలోగా ఆ రీడింగులే కోట్ల సంఖ్యలో ఎలక్ట్రానిక్ రికార్డుల్లోకి ఎక్కాయి. రోగి పరిస్థితి దిగజారుతోందని ముందే హెచ్చరించే ప్రోగ్రాములకు ఆక్సిజన్ శాతం ముఖ్యమైన ముడిసరుకు. అంకె తప్పయితే హెచ్చరిక ఆలస్యమవుతుంది. కోవిడ్‌లో 94 అనే అంకె కోసం వేలికి క్లిప్పు పెట్టుకుని టెన్షన్ పడిన మనకూ ఇది పరాయి విషయం కాదు. మనలో ఎక్కువ మందిది చామనఛాయ లేదా నలుపే.

పడక పుండ్ల కథ ఇంతకన్నా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దాన్ని మొదట పట్టుకోవాల్సింది నర్సే. కదల్లేని రోగులకు ఈ పుండ్లు వచ్చే ముప్పును అంచనా వేసే బ్రేడెన్ స్కేలును 1980లలో నర్సు పరిశోధకులు బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ రూపొందించారు. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. పుండు దశలను గుర్తించే పద్ధతి వేరు. అందులో మొదటి దశకు గుర్తు, వేలితో నొక్కినా తగ్గని ఎరుపు. నల్లని చర్మం మీద ఆ ఎరుపు సరిగా కనిపించదు. అందుకే నల్లజాతి రోగుల్లో మొదటి దశ పుండ్లు తక్కువగా, ముదిరినవి ఎక్కువగా నమోదవుతూ వచ్చాయి. చేత్తో తాకి వేడిని, గట్టిదనాన్ని, నొప్పిని చూడాలని నర్సింగ్ పరిశోధకులు ఏళ్ల తరబడి చెబుతున్నారు. ఇప్పుడు ఫొటో చూసి పుండు దశ చెప్పే ప్రోగ్రాములు తయారవుతున్నాయి. ఫొటోకు వేడి తెలియదు. నేర్పడానికి ఇచ్చిన బొమ్మల్లో నల్లని చర్మం తక్కువైతే, మొదటి దశను ఈ ప్రోగ్రామూ గుర్తించలేకపోతుంది.

ఇక రాతల సంగతి. షికాగోలోని ఒక పెద్ద ఆస్పత్రి రికార్డులను పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, రోగి మాట వినడు, మొండివాడు వంటి వ్యతిరేక పదాలు నల్లజాతి రోగుల నోట్స్‌లో కనిపించే అవకాశం సుమారు రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. భాషను చదివి నేర్చుకునే యంత్రం ఈ మాటలనూ నేర్చుకుంటుంది.

అయితే నర్సు రాత వల్ల మేలు జరిగిన సందర్భమూ ఉంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో నర్సు శాస్త్రవేత్త సారా రోసెట్టి నాయకత్వంలో తయారైన కన్‌సర్న్ అనే వ్యవస్థ, బీపీ అంకె కన్నా నర్సు ఏం చేస్తోందన్నది గమనిస్తుంది. రోగి మీద అనుమానం వచ్చిన నర్సు మాటిమాటికీ వచ్చి చూస్తుంది, అడగకపోయినా ఒక వాక్యం అదనంగా రాస్తుంది. ఆ అలవాటునే సంకేతంగా తీసుకున్నారు. 74 వార్డుల్లో పరీక్షించి 2025లో ప్రచురించిన ఫలితాల్లో మరణ ముప్పు 35.6 శాతం తగ్గింది. నర్సు అనుభవాన్ని అంకెగా గుర్తించిన ఈ పని నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. కానీ ఒక్క నర్సు మీద యాభై మంది రోగులు పడే వార్డులో ఆమె మళ్లీ మళ్లీ వచ్చి చూడగలదా? అలాంటి చోట సంకేతమే పుట్టదు. వ్యవస్థ మాత్రం రోగి బాగానే ఉన్నాడని అనుకునే ప్రమాదం ఉంది. దీన్ని నర్సులు చాలినంతమంది ఉన్న ఆస్పత్రుల్లోనే కాక, కొరత ఉన్న చోట కూడా పరీక్షించాలి.

మన దగ్గరా ముడిసరుకు పోగవుతోంది. ఏఎన్‌ఎంల రిజిస్టర్లను ట్యాబ్‌లోకి మార్చే అన్‌మోల్ యాప్ 2016లో ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. కాన్పుకు పుట్టింటికి వెళ్లిన గర్భిణి, పనికోసం వలసపోయిన కుటుంబం, సిగ్నల్ అందని గూడెం... రికార్డు తెగిపోయేది ఎక్కువగా ఇలాంటి చోట్లే. రేపు ఇలాంటి వివరాలతో ప్రమాదకర గర్భాలను ముందే గుర్తించే ప్రోగ్రాము తయారు చేస్తే, అందులో ఎవరి వివరాలు లేవో, ఎన్ని నెలలు ఖాళీగా ఉన్నాయో ఫలితాలతో పాటే బయటపెట్టాలి. ఆ ఖాళీలు ఎక్కడున్నాయో ఊరూరా తిరిగే ఏఎన్‌ఎంకు బాగా తెలుసు. పరిశోధన బృందంలో ఆమెకు మొదటి రోజు నుంచే చోటుండాలి.