మతిమరుపు అంటున్నది మతిమరుపేనా?

గుంటూరులో ఏ షుగర్ డాక్టర్ దగ్గర కూర్చున్నా ఈ మాట వినబడుతుంది: "ఈ మధ్య మతిమరుపు ఎక్కువైందండీ." పక్కనున్న భార్య వెంటనే అందుకుంటుంది: "పొద్దున మాత్ర వేసుకున్నారో లేదో ఆయనకే తెలీదు." డాక్టరు షుగర్, బీపీ చూసి "వయసు కదమ్మా" అంటారు. బయట అంతమంది కూర్చుని ఉంటే ఆయన్నీ తప్పుపట్టలేం.

మెదడు పనితీరును చిన్నచిన్న పరీక్షలతో కొలిచే క్లినికల్ న్యూరోసైకాలజిస్టు అంత తేలిగ్గా వదలరు. విన్నది మనసుకెక్కడం, లోపల నిలవడం, అడిగినప్పుడు బయటికి రావడం, వీటిలో ఏ మెట్టు దగ్గర ఇబ్బంది వచ్చిందో చూస్తారు. దానికి సూది, స్కాన్ అక్కర్లేదు. కాగితం, పెన్సిలు, స్టాప్‌వాచ్ చాలు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త ఆంద్రే రే పేరుతో ఒక పరీక్ష ఉంది. పొంతన లేని 15 మాటలు చదివి, గుర్తున్నవి చెప్పమంటారు. అలా ఐదుసార్లు. తర్వాత ఇంకో జాబితా చదివి మనసు మళ్లిస్తారు. ఓ అరగంట పోయాక "మొదటి మాటలు చెప్పండి" అంటారు. ఆరే వచ్చాయనుకోండి, ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. అసలు సంగతి తర్వాత తేలుతుంది. పాత మాటల్లో కొత్తవి కలిపి "ఇది ఉందా, లేదా?" అని ఒక్కొక్కటే అడుగుతారు. అల్జీమర్స్ ఉన్నవాళ్లు సాధారణంగా ఇక్కడా తడబడతారు, లేని మాటనీ ఉందంటారు. ఏళ్ల తరబడి షుగరో, కిడ్నీ జబ్బో ఉన్నవాళ్లలో చాలామంది మాత్రం టకటకా పట్టేస్తారు. అంటే మాటలు లోపలే ఉన్నాయి. సీజన్లో మిర్చి యార్డు ముందు లారీలు బారులు తీరినట్టు, సరుకు బాగానే ఉన్నా గేటు దగ్గరే ఆలస్యమవుతోంది.

ఆ ఆలస్యానికి కారణం చాలావరకు సన్నని రక్తనాళాలు. ఒంటి బరువులో మెదడు వాటా 2 శాతమే. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు కూడా ఒళ్లు వాడే శక్తిలో 20 శాతం దాకా అదే లాగేసుకుంటుంది. షుగరు, బీపీ కలిసి ఏళ్లపాటు ఆ నాళాలను దెబ్బతీస్తే, మెదడు లోతుల్లో ఒక భాగాన్ని ఇంకో భాగంతో కలిపే తీగల్లాంటి తెల్ల పదార్థానికి రక్తం సరిగా అందదు. ముందు తగ్గేది వేగం, తర్వాత రెండు పనులు ఒకేసారి చూసుకునే నేర్పు. జ్ఞాపకం అన్నిటికన్నా ముందు పోతుందనుకుంటాం కానీ, ఈ జబ్బుల్లో తరచు అలా జరగదు.

కిడ్నీ జబ్బులో పరిస్థితి ఇంకా చిక్కు. రక్తహీనత, ఒంట్లో పేరుకునే మలినాలు, డయాలసిస్ సమయంలో ఒక్కసారిగా పడిపోయే బీపీ, అన్నీ కలిసి మెదడు మీదే పడతాయి. అమెరికాలోని మినియాపోలిస్ ప్రాంతంలో డయాలసిస్ చేయించుకుంటున్న 338 మంది పెద్దవయసు వాళ్లను పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. 37 శాతం మందికి ఆలోచనాశక్తి తీవ్రంగా తగ్గింది. మొత్తం అందరిలో కేసుషీట్లో ఇలాంటి ఇబ్బంది రాసి ఉన్నది సుమారు 3 శాతం మందికే! డయాలసిస్ సాగే నాలుగు గంటలూ పక్కనే ఉండి చూసుకునే సిబ్బందికి కూడా తెలియలేదన్నమాట. నెమ్మదిగా, మర్యాదగా తలూపే పేషెంటుకి అర్థమైందనే ఎవరైనా అనుకుంటారు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. రెండు పనులు ఒకేసారి చూసుకునే నేర్పు కొలవడానికి అంకెల్నీ అక్షరాల్నీ 1-అ-2-ఆ అని గీతతో కలపమంటే, బడి మొహం చూడని మనిషి తెల్లబోతాడు. అది జబ్బు కాదు. అలాంటివాళ్లకు రంగుల వలయాలతో చేసే పరీక్ష ఉంది. బెంగళూరులోని మెదడు, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2004లో తెచ్చిన పరీక్షల్లో వయసు, ఆడామగా, చదువు, మూడింటినీ బట్టి వేరువేరు ప్రమాణాలు పెట్టారు. చదువు అడక్కుండా మార్కులేసి డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్షీణించే జబ్బు) అని చెప్పేవాళ్లను నమ్మక్కర్లేదు.

మతిమరుపుకి బాగుచేయగల కారణాలు కూడా ఉంటాయి. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడితే బి12 విటమిన్ తగ్గొచ్చు. థైరాయిడ్ తక్కువైతే మెదడు మందగిస్తుంది. గురకతో నిద్రలో ఊపిరి ఆగిపోతున్నా, దిగులు పట్టుకున్నా, షుగర్ మాటిమాటికీ పడిపోతున్నా పైకి కనబడేది మతిమరుపే.

పరీక్ష ఎప్పుడు పెట్టారన్నదీ ముఖ్యమే. డయాలసిస్ నడుస్తుండగా పెడితే మార్కులు తగ్గుతాయి. డయాలసిస్‌కి ముందో, మర్నాడో పెట్టాలి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఎ.కొండూరు తండాల నుంచి విజయవాడ వచ్చేవాళ్లను మర్నాడు మళ్లీ రమ్మంటే తోడొచ్చినవాళ్లకు ఇంకో రోజు కూలి పోతుంది. కాబట్టి ముందు పెట్టడమే నయం. మందులు, నీళ్ల కొలత, ఉప్పు గురించి చెప్పేది కూడా మిషన్ పెట్టకముందే చెప్పాలి, తోడొచ్చినవాళ్లను పక్కన నిలబెట్టుకుని, చీటీ మీద పెద్దక్షరాలతో రాసిచ్చి.