తుప్పు పట్టిన ఇంజిన్ బ్లాక్: షెడ్డులో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

తిరుపతిలో పాత అంబాసిడర్, పద్మినీ కార్ల ఇంజిన్లు విప్పి బిగించే పని నాది. ఇంజిన్ ఆటోలో వేసుకొచ్చి "అన్నా, ఇది పనికొస్తుందా?" అని అడిగేవాళ్ళు ఎక్కువ. నేను చూసినంతలో తుప్పుతో పోయిన బ్లాకుల (సిలిండర్లుండే ఇంజిన్ మొండెం) కన్నా, ఆ తుప్పు వదిలించే తొందరలో పోయినవే ఎక్కువ.

అపోహ: బ్లాక్ ఎర్రబడితే ఇక తూకానికి వేయాల్సిందే.

అక్కర్లేదు. ఇవి పోత ఇనుము బ్లాకులు, గోడలు మందం, పైన ఎంత ఎర్రగా ఉన్నా లెక్కలోకి రాదు. బోరులో, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడలో, గుంటలు ఎంత లోతు, వాటర్ జాకెట్‌లో (సిలిండర్ల చుట్టూ నీళ్ళు తిరిగే ఖాళీ) పగులుందా, క్రాంక్ కూర్చునే మెయిన్ బేరింగ్ సీట్లు ఎలా ఉన్నాయి, ఇవి చూడాలి. అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్ బోరు కొత్తలో సుమారు 73 మిల్లీమీటర్లు, పద్మినిది 68. వేలితో తడిమి "పర్లేదులే" అనే మేస్త్రీని నమ్మకండి, బోర్ గేజ్‌తో పైన, మధ్యన, కింద కొలిపించండి. బోరుని కాస్త పెద్దది చేసే ఓవర్‌సైజ్ బోరింగ్‌తో గుంటలు పోకపోతే స్లీవ్ (లోపల కొత్త గొట్టం) వేయించొచ్చు. కానీ పిస్టన్లు చేతికొచ్చాకే బ్లాక్ లేత్ షాపుకి ఇవ్వండి, ఈ బండ్లకి కావాల్సిన సైజు దొరకడమే ఇప్పుడు గగనం.

అపోహ: జామ్ అయిన ఇంజిన్ గేర్‌లో వేసి తోస్తే విడిపోతుంది.

రింగులు విరుగుతాయి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. 2021 నవంబరు తిరుపతి వరదల్లో మునిగిన బండ్లలా ఏళ్ళ తరబడి పక్కన పడేసినవైతే ప్లగ్గులు తీసి సిలిండర్లలో డీజిల్ పోసి వారమైనా నాననివ్వండి, తర్వాత క్రాంక్ పుల్లీ నట్టుకి పొడుగు పానా వేసి ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఆడించండి.

అపోహ: బాత్రూం యాసిడ్ పోస్తే గంటలో తళతళలాడుతుంది.

నిజమే, తళతళలాడుతుంది. దాంతోపాటు మంచి ఇనుమునీ తింటుంది, సందుల్లో, ఆయిల్ దారుల్లో మిగిలిపోయి మళ్ళీ తుప్పు తెస్తుంది. దీనికి మన చిత్తూరు వైపే మందుంది: చెరకు మొలాసిస్, పశువుల దాణాలో కలుపుతారే, అదే. ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి డ్రమ్ములో బ్లాక్‌ని రెండు మూడు వారాలు ముంచితే తుప్పు వదులుతుంది, ఇనుము జోలికి పెద్దగా పోదు. పులిసిన కంపుకి ఇంట్లో తిట్లు తప్పవు. అల్యూమినియం మాత్రం అందులో వేయకండి, పద్మిని హెడ్ అల్యూమినియమే.

అంత ఓపిక లేకపోతే కరెంటు పద్ధతి. వాషింగ్ సోడా నీళ్ళలో బ్లాక్‌కి బ్యాటరీ ఛార్జర్ మైనస్, పక్కన వేలాడదీసిన పాత ఇనుప రేకులకి ప్లస్. తారుమారు చేస్తే కరిగేది బ్లాకే. సోడా బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది, స్టెయిన్‌లెస్ స్టీల్ పెడితే విషపు క్రోమియం నీళ్ళలో కలుస్తుంది. హైడ్రోజన్ ఎలాగూ వస్తుంది కాబట్టి ఆరుబయట పెట్టండి, దగ్గర్లో బీడీ వెలిగించకండి.

ఏం చేసినా ముందు ఆయిల్ దారుల మూతలు (గ్యాలరీ ప్లగ్గులు), క్యామ్ బేరింగులు, బ్లాక్ పక్కన వాటర్ జాకెట్‌ని మూసే రేకు బిళ్ళలు (వాటర్ డమ్మీలు) తీసేయాలి. డమ్మీ ఊడదీసి వెనక సిలిండర్ చుట్టూ వంచిన తీగతో గీకండి, ఎర్రమడ్డి గుప్పెళ్ళకొద్దీ వస్తుంది. తిరుమల ఘాట్‌లో బండి మరిగిపోతే రేడియేటర్ని తిడతాం గానీ, చాలాసార్లు దొంగ ఇక్కడే ఉంటాడు.

అపోహ: హోనింగ్ (బోరుని సానరాళ్ళతో నునుపు చేయడం) అయ్యాక కిరోసిన్‌తో కడిగితే చాలు.

కిరోసిన్‌కి రాతిపొడి పూర్తిగా రాదు, అది మిగిలితే కొత్త రింగులు అరిగిపోతాయి. వేడినీళ్ళు, సబ్బు, బ్రష్ పెట్టి తోమండి. నూనె అద్దిన తెల్లగుడ్డతో బోరు తుడిస్తే బూడిదరంగు అంటకూడదు, అంటితే మళ్ళీ తోమాల్సిందే. ఆరగానే ఆయిల్ పట్టించండి. నవంబరు వానల్లో ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి బోరంతా నారింజరంగే.

"మన ఎండలకి కూలెంట్ ఎందుకు, అది మంచు దేశాలకి కదా" అంటారు చాలామంది. అందులో తుప్పు ఆపే మందులుంటాయి, నీళ్ళు త్వరగా మరగవు కూడా. డబ్బా మీద ఎంత కలపమని ఉంటే అంతే కలపండి, అదీ బోర్‌వెల్ నీళ్ళతో కాదు, డిస్టిల్డ్ వాటర్‌తో.