నాలుగంగుళాలు ఎవరి కోసం?

అమెరికాలోని మిన్నెసోటాకు ఉద్యోగాల మీద వెళ్లిన మనవాళ్లు, గడ్డకట్టిన సరస్సు మీద గాలాలు వేసుకుని కూర్చున్నవాళ్లను చూసి మొదట అడిగేది ఒకటే: విరగదా? అక్కడి సహజవనరుల శాఖ నడిచేవాళ్లకు కనీసం 4 అంగుళాల తేట ఐసు ఉండాలంటుంది. చిన్న కారుకు 9 నుంచి 10. కారు బరువు మనిషికి దాదాపు ఇరవై రెట్లు కదా, మందం రెండున్నర రెట్లయితే చాలా?

చాలు. నీటి మీద తేలే ఐసు పలక బరువు పడినచోట మూకుడులా వంగుతుంది. పై పొర నొక్కుకుంటుంది, అడుగు పొర సాగుతుంది. ఐసు నొక్కుడును ఓర్చుకుంటుంది గానీ సాగదీతకు తాళదు. పగులు అడుగున పుడుతుంది. ఇలా వంగి విరిగే పలక మోసే శక్తి దాని మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కెనడాలో వాడే మోటు లెక్క: సెంటీమీటర్లలో మందాన్ని దానితోనే గుణించి, మళ్లీ 3.5తో గుణిస్తే మోయగల కిలోలు. 25 సెం.మీ.కి, అంటే దాదాపు 10 అంగుళాలకు, 2,187 కిలోలు, కారు నిలిచింది. 10 సెం.మీ.కి, అంటే దాదాపు 4 అంగుళాలకు, 350.

80 కిలోల మనిషికి 350 ఎందుకు? ఐసు అంతటా ఒకే మందాన ఉండదు కాబట్టి. ఊట ఉన్నచోట, వాగు కలిసేచోట, వంతెన కింద పలచబడుతుంది. పైన పడిన మంచు ఐసును గట్టిపరుస్తుందనుకోవడం భ్రమ. అది దుప్పటిలా చలిని ఆపి ఐసు పెరగకుండా చేస్తుంది. పది అడుగుల అవతల 5 సెం.మీ.యే ఉంటే? 350లో సగం కాదు, పావు: 87 కిలోలు. చలికోటు, బూట్లు, ఐసుకు రంధ్రం వేసే బర్మా, బకెట్ కలిస్తే మనిషి అక్కడికొచ్చేశాడు. వర్గాలెందుకని అడిగే పిల్లలకు చెప్పాల్సిన లెక్క ఇదే.

కాబట్టి ఉలిమొన గడ్డపారతో ముందు పొడుస్తూ నడవాలి. ఒకటి రెండు పోట్లకే దిగిపోతే వెనక్కి తిరగాలి. కనీసం 150 అడుగులకొకసారి రంధ్రం వేసి కొలవాలి. బుడగలున్న తెల్ల ఐసుకు బలం సగమే. వర్గం లెక్కన 1.4 రెట్ల మందం చాలాలి, శాఖ మాత్రం రెట్టింపు ఉండాలంటుంది. అదే సబబు.

బండి చాలాసేపు ఆపితే ఈ సూత్రం పనికిరాదు. ఐసు మెల్లమెల్లగా కుంగుతుంది. పక్కన రంధ్రం వెయ్యండి. మామూలుగా నీళ్లు ఐసు అంచుకు కాస్త కిందే నిలుస్తాయి. పైకి పొంగితే వెంటనే బండి తీయాలి.

ఐసు విరిగి నీళ్లలో పడిపోతే మొదటి నిమిషం ఊపిరి అదుపు తప్పుతుంది, అది కుదుటపడనివ్వండి. చేతులు పనిచేసేది సుమారు 10 నిమిషాలు. కోటు విప్పొద్దు, లోపలి గాలి తేలుస్తుంది. వచ్చిన దిక్కుకే తిరగండి, మిమ్మల్ని మోసిన ఐసు అటే ఉంది. మెడలో వేలాడే మేకుల పిడులను ఐసులో గుచ్చి, కాళ్లు తన్నుతూ, బోర్లా పాకి పైకి రండి. తర్వాత దొర్లుకుంటూ పోండి. లేచి నిలబడితే బరువంతా మళ్లీ రెండు పాదాల కిందికి చేరుతుంది.