చీకట్లో మూసేస్తే పుంజు కూయదా?

"డాక్టర్‌గారూ, మా పుంజు కూత ఆగడానికి ఇంజెక్షన్ ఏమైనా ఉందా?" అని ఎవరో ఒకరు అడగని వారం ఉండదు. పక్కింటాయన పోలీసుల దాకా వెళ్తానన్నాడట, ఓనరు ఇల్లు ఖాళీ చేయమన్నాడట. వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. వాట్సాప్ చిట్కా పట్టుకుని కోడి ప్రాణం మీదకి తెస్తేనే ఒళ్లు మండుతుంది.

అన్నిటికన్నా చేటు చేసే అపోహ ఇది: వెలుతురు చూస్తేనే పుంజు కూస్తుంది కాబట్టి చీకట్లో మూసేస్తే నోరెత్తదని. తప్పు. గడియారం దాని ఒంట్లోనే ఉంది. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో పుంజుల్ని ఎప్పుడూ మసక వెలుతురే ఉండే గదిలో పెట్టి చూశారు. బయట తెల్లవారిందో లేదో తెలియకపోయినా రోజూ ఇంచుమించు ఆ వేళకే కూశాయి. వెలుతురు, పక్క కోడి కూత దాన్ని ఇంకాస్త రెచ్చగొడతాయంతే. చీకటి చేస్తే నాలుగు కూతలు తగ్గుతాయేమో గానీ తొలికూత ఆగదు.

పోయిన మే నెలలో ఒకావిడ నాటు పుంజును ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చారు. రాత్రంతా అట్టపెట్టెలో ఉంచి, పైన దుప్పటి కప్పారట. నోరు తెరిచి రొప్పుతోంది, రెక్కలు వాల్చేసింది, ఎర్రటి జుట్టు నల్లబడింది. కోడికి చెమట పట్టదు, రొప్పితేనే ఒంట్లో వేడి దిగుతుంది. మూసిన పెట్టెలో ఎంత రొప్పితే ఏం లాభం? బల్ల మీదే పోయింది. "కూత ఒక్కటే మానిపిద్దామనుకున్నానండీ" అని ఆవిడ ఏడుస్తుంటే ఏమనగలను?

మిద్దె మీద ఉంటే ముందు కిందకి దించండి, పైనుంచి కూత వీధంతా వినిపిస్తుంది. పక్కింటి పడకగదికి దూరంగా, మధ్యలో గోడ అడ్డం ఉండేలా, గాలి ఆడే గూట్లో పెట్టండి. గూడు ఎత్తు కాస్త తక్కువైతే మెడ పూర్తిగా సాచలేదు, కూత జోరు తగ్గొచ్చు. మామూలుగా నిలబడే చోటు మాత్రం ఉండాలి. పొద్దెక్కాకే తలుపు తీయండి.

కూత తగ్గాలని మెడకు పట్టీ కడతామంటారు. బిగిస్తే ఊపిరాడదు, వదులుగా కడితే పనిచేయదు. ఎండాకాలం అసలు వద్దు. ఆపరేషన్ మాటా ఎత్తకండి. కూత పుట్టేది మనలా గొంతులో కాదు, శ్వాసనాళం రెండుగా చీలేచోట, రొమ్ము లోపల. అక్కడ కత్తి పెట్టి బతికిస్తానని నేను మాటివ్వలేను.

పుంజు లేకపోతే పెట్ట గుడ్లు పెట్టదా? కిరాణా కొట్లో ఉండే తెల్లగుడ్లు పుంజు మొహం చూడని పెట్టలవే. పిల్లలు పొదిగించాలంటేనే పుంజు కావాలి. గుడ్ల కోసమే అయితే, హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్ల గ్రామప్రియ రకం పెట్టలు నాలుగు తెచ్చుకోండి, గొడవే ఉండదు.

అర్ధరాత్రి కూస్తే కీడంటారు. గూటి దగ్గరకి పిల్లి వచ్చిందేమో, వీధిలైటు పడుతోందేమో చూడండి.

రెండు పుంజులుంటే గోల చేసేదాన్ని అమ్మేస్తే చాలనుకుంటారు. గుంపులో పెత్తనం చేసే పెద్ద పుంజుదే తొలికూత, మిగతావి దాని వెనకే కూస్తాయి. పెద్దదాన్ని తీసేస్తే రెండోది అందుకుంటుంది. నగోయా వాళ్లే 2015లో ఇదీ రాశారు. అమ్మితే రెండూ అమ్మండి, లేదా ఉన్నవాటికి గూడు మార్చండి.