నెల్లూరు లైసెన్సు అక్కడ ఎందుకు సరిపోదు

జూలై చివరికి వచ్చేసరికి నెల్లూరులో ప్రతి వీధిలోనూ ఒకటి రెండు ఇళ్ళలో ప్రయాణపు హడావుడి మొదలవుతుంది. ఆగస్టులో అమెరికాలో తరగతులు. చెన్నై విమానాశ్రయానికి మూడు గంటల దారి. ఆవకాయ, కందిపొడి, కుక్కరు అన్నీ సూట్‌కేసులో పెట్టి తూకం చూసుకుంటారు. పిల్లవాడి చేతిసంచిలో పాస్‌పోర్టు పక్కన ఇంకో చిన్న పుస్తకం ఉంటుంది. అది ఆర్టీఏ ఆఫీసులో వెయ్యి రూపాయలు కట్టి తెచ్చుకున్న అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్. అది ఉంటే దిగిన రోజు నుంచే కారు నడపవచ్చని ఇంట్లో అందరికీ ధైర్యం.

మా అన్నయ్య కొడుకు కూడా ఆ ధైర్యంతోనే టెక్సస్ వెళ్ళాడు. కావలి దాకా హైవే మీద ఆరేళ్ళు కారు నడిపినవాడు. అక్కడ కొన్ని నెలలకే రాత పరీక్ష పుస్తకం ముందేసుకుని, స్టాప్ బోర్డు దగ్గర బండి పూర్తిగా ఆపడం కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. 'ఇన్నేళ్ళు నడిపిన చేయికి మళ్ళీ పరీక్ష ఏమిటి?' అని మా వదిన చాలా బాధపడింది. ఆమెకు జవాబు చెప్పాలంటే నూరేళ్ళకు పైగా వెనక్కి వెళ్ళాలి.

కారును కనిపెట్టిన కార్ల్ బెంజ్‌కే 1888లో జర్మనీలోని బాడెన్ ప్రభుత్వం నుంచి, రోడ్డు మీద బండి నడుపుకోవడానికి రాతపూర్వక అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. 1893లో పారిస్ పోలీసులు నడిపేవారికి నియమాలు పెట్టారు. ఆ తరువాత యూరప్ సంపన్నులు కార్లలో సరిహద్దులు దాటి విహారాలకు వెళ్ళసాగారు. ఒక దేశపు కాగితం మరో దేశపు పోలీసుకు అర్థం కాదు. ఈ చిక్కు విప్పడానికి 1909లో పారిస్‌లో కొన్ని దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. బండికీ నడిపేవారికీ కలిపి ఒకటే పత్రం. 1926లో మళ్ళీ పారిస్‌లోనే నడిపే మనిషికి విడిగా పర్మిట్ ఏర్పరిచారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1949 సెప్టెంబరులో జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో రోడ్డు రవాణా ఒప్పందం కుదిరింది. భారతదేశం 1962లో అందులో చేరింది. ఈనాడు నెల్లూరులోనో ఒంగోలులోనో చేతికిచ్చే పర్మిట్‌కు ఆధారం ఆ ఒప్పందమే.

ఈ వరుసలో ఒక విషయం గమనించాలి. ఒప్పందం ఆలోచించినది వచ్చి వెళ్ళిపోయే బాటసారి గురించి. వచ్చి ఇల్లు అద్దెకు తీసుకుని, రెండేళ్ళు చదివి, మూడేళ్ళు ఉద్యోగం చేసే మనిషి దాని ఊహలో లేడు. అందుకే పర్మిట్ గడువు ఒక సంవత్సరమే. అసలు లైసెన్సు పక్కన లేకపోతే దానికి విలువ లేదు, ఎందుకంటే అది ఆ లైసెన్సుకు పలు భాషల్లో చేసిన అనువాదం మాత్రమే. 1968లో వియన్నాలో కుదిరిన తరువాతి ఒప్పందం ఈ సంగతిని దాచకుండా రాసింది: మనిషి తన నివాసాన్ని మరో దేశానికి మార్చుకుంటే, పాత దేశపు లైసెన్సును గుర్తించవలసిన బాధ్యత కొత్త దేశానికి లేదు. మా వదిన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడుంది. పిల్లవాడు పర్యాటకుడుగా వెళ్ళలేదు, ఉండడానికి వెళ్ళాడు.

మిగతా సగం అమెరికా సొంత చరిత్ర. అక్కడ లైసెన్సు ఇచ్చేది కేంద్రం కాదు, రాష్ట్రాలు. 1903లో మసాచుసెట్స్, మిస్సోరీ మొదలుపెట్టాయి. మిగతావి ఒక్కొక్కటిగా దశాబ్దాల పాటు చేరాయి. నివాసం ఏర్పరచుకున్నవారు స్థానిక లైసెన్సు తీసుకోవడానికి కాలిఫోర్నియా 10 రోజులు, న్యూజెర్సీ 60 రోజులు, టెక్సస్ 90 రోజులు గడువు ఇస్తాయి. చదువుకోవడానికి వచ్చినవారిని నివాసిగా లెక్కించాలా, సందర్శకుడిగా లెక్కించాలా అన్నది కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. డాలస్‌లో ఉన్న స్నేహితుడు చెప్పిన మాట నమ్మి కాలిఫోర్నియాలో బండి తీస్తే చిక్కులు రావడం అందుకే.

ఇంకొక సంగతి. అమెరికాలో మన ఆధార్ లాంటి జాతీయ గుర్తింపు కార్డు లేదు. బ్యాంకులో, అద్దె ఇంటి దగ్గర, దేశంలోపలి విమానం ఎక్కేటప్పుడు జనం చూపేది డ్రైవింగ్ లైసెన్సే. బండి నడిపే నేర్పుకు రుజువుగా పుట్టిన కార్డు క్రమంగా మనిషి ఎవరో చెప్పే కార్డుగా మారిపోయింది.

2001 సెప్టెంబరు 11 తరువాత దాని మీద అందరి చూపూ పడింది. దాడిలో పాల్గొన్న 19 మందిలో ఒక్కరు తప్ప అందరూ ఏదో ఒక అమెరికా గుర్తింపు పత్రం సంపాదించారని, వాటిలో కొన్ని మోసంతో వచ్చినవని విచారణ సంఘం 2004లో నివేదించింది. మరుసటి ఏడాది మే నెలలో రియల్ ఐడీ చట్టం వచ్చింది. లైసెన్సు ఇచ్చే ముందు ఆ మనిషి చట్టబద్ధంగా దేశంలో ఉన్నాడా అని రాష్ట్రాలు చూడాలి. తాత్కాలికంగా ఉండేవారికి వారి అనుమతి గడువును మించి లైసెన్సు ఇవ్వకూడదు. గడువు తేదీ ఖచ్చితంగా లేకపోతే ఒక్క సంవత్సరానికే ఇవ్వాలి. విమానాశ్రయాలలో ఈ చట్టం అమలు ఏళ్ళ తరబడి వాయిదా పడి, చివరికి 2025 మే 7న మొదలైంది. కానీ వీసాకూ లైసెన్సుకూ ముడి అంతకు ఎంతో ముందే బిగిసింది.

1990ల చివర్లో, 2000 సంవత్సరం వచ్చినప్పుడు కంప్యూటర్లు తేదీలో తడబడకుండా సరిచేసే వైటూకే పనుల మీద వెళ్ళిన మన ఇంజనీర్లకు ఈ ముడి ఇంతగా తెలియదు. అప్పటికి హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ లేదు. అది 2008లో వచ్చింది. నెల్లూరు, ఒంగోలు వాళ్ళు తెల్లవారకముందే రైలెక్కి చెన్నైలో వీసా వరుసలో నిలబడేవారు. ఆ వరుస దాటితే అసలు కష్టం తీరినట్టే. ఇప్పుడు వీసా వచ్చిన తరువాత ఇంకో వరుస మొదలవుతుంది.

ఆ వరుసలో ఏం జరుగుతుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలియక పిల్లలు ఒకే కౌంటరుకు మూడేసి సార్లు తిరుగుతున్నారు. లైసెన్సు కార్యాలయం విద్యార్థి వివరాలను వలస శాఖ కంప్యూటర్లతో సరిచూస్తుంది. దేశంలో అడుగుపెట్టిన వెంటనే ఆ వివరాలు అక్కడికి చేరవు. కళాశాల కూడా విద్యార్థి చేరినట్టు నమోదు చేయాలి. అందుకే దిగిన తరువాత కనీసం పది రోజులు ఆగి వెళ్ళమని ప్రభుత్వమే సలహా ఇస్తుంది. పాస్‌పోర్టు, ఐ-20 (కళాశాల ఇచ్చే ప్రవేశ పత్రం), ఐ-94 (దేశంలోకి వచ్చిన తేదీ, ఉండదగిన గడువు చూపే పత్రం), అద్దె ఒప్పందం వంటి నివాస రుజువు కావాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంటే అది, లేకపోతే దానికి అర్హత లేదని సోషల్ సెక్యూరిటీ శాఖ ఇచ్చే లేఖ చాలాచోట్ల అడుగుతారు.

తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది పేరు. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనుక. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. అదే లైసెన్సులోకి ఎక్కుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విప్పి రాస్తారు, లేదా మొత్తం పేరును ఒకే గడిలో వేసి ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తారు. అలా ఖాళీ ఉంటే అమెరికా వీసాలో ఆ మొత్తం పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్ళి, సొంత పేరు ఉండవలసిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం. తల్లిదండ్రులు ఎంతో ముచ్చటపడి పెట్టిన పేరున్న అమ్మాయి, అక్కడి కార్డు మీద పేరు తెలియని మనిషిగా నమోదవుతుంది. నెల్లూరు లైసెన్సులో ఒక పేరు, వీసాలో ఒక పేరు, పర్మిట్‌లో ఇంకొకటి ఉంటే పోలీసు ఆపినప్పుడు ఆ మూడూ ఒకరివేనని నమ్మించడం తేలిక కాదు. ఇది ఇక్కడ ఉన్నప్పుడే, ప్రయాణానికి నెలల ముందు, పాస్‌పోర్టులోనూ లైసెన్సులోనూ దిద్దుకోవలసిన పని.

ఉద్యోగానికి వెళ్ళినవారి కష్టం వేరు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవారి లైసెన్సు సాధారణంగా ఐ-94 గడువుతోనే ముగుస్తుంది. యజమాని సకాలంలో పొడిగింపుకు దరఖాస్తు పెడితే, నిర్ణయం రాకపోయినా పాత గడువు తరువాత 240 రోజుల వరకు పనిచేయవచ్చు. పనికి అనుమతి ఉంటుంది, పనికి వెళ్ళే కారు నడపడానికి మాత్రం లైసెన్సు గడువు తీరిపోతుంది. కొన్ని రాష్ట్రాలు దరఖాస్తు రసీదు చూసి కొద్దికాలం పొడిగిస్తాయి. అన్నిచోట్లా ఆ వెసులుబాటు లేదు.

భార్యల సంగతి ఎవరూ పెద్దగా రాయరు. హెచ్-1బి ఉద్యోగి వెంట వెళ్ళే కుటుంబానికిచ్చే హెచ్-4 వీసా మీద వెళ్ళిన అమ్మాయిలలో చాలామంది ఇక్కడ స్కూటీ తప్ప కారు ముట్టుకోనివారు. బస్సు రాని శివారు కాలనీలో, భర్త ఆఫీసుకు వెళ్ళాక, పాల ప్యాకెట్టు కోసం కూడా సాయంత్రం దాకా ఎదురుచూడాలి. పిల్లవాడికి జ్వరం వస్తే ఎవరినో బతిమాలాలి. ఆ అమ్మాయికి లైసెన్సు అంటే వాకిలి తెరుచుకోవడం. పెళ్ళికి లక్షలు ఖర్చుపెట్టే ఇళ్ళలో, ప్రయాణానికి ముందు రెండు నెలలు కూతురికి కారు నేర్పించాలన్న ఆలోచన రాకపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

మన జిల్లాల నుంచి బయటికి వెళ్ళేవారందరూ అమెరికాకే వెళ్ళరు. ఉదయగిరి, ఆత్మకూరు వైపు పల్లెల్లో విదేశం అంటే ముందుగా గుర్తొచ్చేది కువైట్. 1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో పనులు పెరిగినప్పటి నుంచి ఆ దారి నడుస్తూనే ఉంది. అక్కడ లైసెన్సుకు వేరే చరిత్ర ఉంది. జనాభాలో ఎక్కువమంది విదేశీయులే కావడంతో, రోడ్ల మీద రద్దీ తగ్గించాలన్న ఉద్దేశంతో ప్రభుత్వం లైసెన్సునే కట్టడి చేసింది. విదేశీ ఉద్యోగికి నెలకు కనీసం 600 దినార్ల జీతం, డిగ్రీ, రెండేళ్ళ నివాసం ఉండాలన్న షరతులు అలా వచ్చాయి. బండి ఎంత బాగా నడుపుతాడన్నది ఈ షరతుల్లో ఎక్కడా లేదు.

డ్రైవరు పనికే వెళ్ళేవారికి ఈ షరతుల నుంచి మినహాయింపు ఉంది. ఇంటిపనివారికిచ్చే ఖాదిం వీసా మీద కఫీల్ (వీసాకు పూచీ ఉన్న యజమాని) ఇంట్లో డ్రైవరుగా చేరినవారికి లైసెన్సు వస్తుంది. అయితే అది ఆ పనికి కట్టిన లైసెన్సు. పని మారితే లైసెన్సు పోతుంది. చీమకుర్తి నుంచి పదిహేనేళ్ళు గ్రానైటు లారీ నడిపిన మనిషికి, అక్కడ తన నైపుణ్యం తన సొత్తు కాదని తెలిసే ఘడియ అది. దుబాయిలోనూ మన లైసెన్సును నేరుగా మార్చి ఇవ్వరు. డ్రైవింగ్ స్కూల్లో ఫైలు తెరిచి, తరగతులు పూర్తిచేసి, పార్కింగ్ పరీక్ష, రోడ్డు పరీక్ష దాటాలి. తప్పిన ప్రతిసారీ మళ్ళీ ఫీజులు. గల్ఫ్‌లో అన్ని చోట్లా రోడ్డుకు కుడివైపున నడపాలి. ఎడమ వైపు అలవాటైన కంటికి, కూడలిలో తిరిగేటప్పుడు అదే పెద్ద పరీక్ష.

బ్రిటన్‌లో రోడ్డు మనలాగే ఎడమ పక్క. అయినా పన్నెండు నెలల తరువాత అక్కడి పరీక్ష రాయవలసిందే, నేరుగా మార్చి ఇచ్చే దేశాల జాబితాలో భారత్ లేదు. కెనడాలోని ఒంటారియోలో 1994 నుంచి లైసెన్సు అంచెలంచెలుగా ఇస్తున్నారు. ఇక్కడ నడిపిన అనుభవాన్ని అధికారికంగా ధ్రువీకరించి చూపితే ఎదురుచూపు తగ్గుతుంది. వెళ్ళే ముందే ఆర్టీఏ నుంచి లైసెన్సు ఎక్స్‌ట్రాక్ట్ (లైసెన్సు వివరాలను ఆఫీసు ధ్రువీకరించి ఇచ్చే పత్రం) తీసిపెట్టుకోమని చెప్పేది అందుకే.

మన లైసెన్సును అన్ని దేశాలూ ఇలా అనుమానంగా చూడడం అన్యాయమేనా? పూర్తిగా అన్యాయమని నేను అనలేను. దేశమంతటికీ వర్తించే మోటారు వాహనాల చట్టం మనకు 1914లోనే వచ్చింది. తరువాత 1939లో, 1988లో కొత్త చట్టాలు వచ్చాయి. పరీక్ష మాత్రం చాలాకాలం బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఎదుట ఐదు నిమిషాల పని. ట్రాక్ మీద ఎనిమిది కొట్టినా కొట్టకపోయినా ఏజెంటు చూసుకుంటాడన్న నమ్మకం ఊళ్ళలో తరాలుగా పాతుకుపోయింది. 2019లో సవరణ బిల్లు గురించి లోక్‌సభలో మాట్లాడుతూ దేశంలో 30 శాతం లైసెన్సులు నకిలీవని రవాణా మంత్రి నితిన్ గడ్కరీయే అన్నారు. మన మంత్రే అలా చెప్పాక పరాయి దేశపు అధికారి మన కార్డును నమ్మాలని ఎలా అడుగుతాం? ఏజెంటు చేత తెప్పించుకున్న ఒక్కో లైసెన్సు, నిజంగా నేర్చుకుని నడిపిన వాడి కార్డు విలువను కూడా తగ్గించింది.

పర్మిట్ విషయంలో ఇటీవల కొంత మేలు జరిగింది. 2021 జనవరిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌తో, విదేశంలో ఉండగా పర్మిట్ గడువు తీరితే అక్కడి భారత రాయబార కార్యాలయం ద్వారానే కొత్తది కోరవచ్చు. వైద్య ధ్రువపత్రం, ముందుగా వీసా చూపాలన్న షరతులు కూడా తీసేశారు. 2022 ఆగస్టులో దేశమంతటా పర్మిట్‌కు ఒకే రూపం నిర్ణయించి, అసలు లైసెన్సుతో కలిపే క్యూఆర్ కోడ్ చేర్చారు. మన దేశంలో దీన్ని రవాణా శాఖ ఇస్తుంది. ఇంటర్నెట్‌లో డబ్బు కట్టించుకుని పదేళ్ళ అంతర్జాతీయ లైసెన్సు పంపుతామనేవారి కార్డు ఎక్కడా చెల్లదు.

మా అన్నయ్య కొడుకు రోడ్డు పరీక్షలో ఒకసారి తప్పాడు, రెండోసారి గెలిచాడు. కార్డు మీద పరిమిత కాలం అని ముద్ర ఉంది, దాని గడువు ఐ-20 ముగిసే తేదీ దాకానే. చదువు అయిపోయి పని అనుమతి కార్డు చేతికి వచ్చాక, ఆ కాగితాలన్నీ పట్టుకుని మళ్ళీ అదే కౌంటరుకు వెళ్ళాలి. మా వదిన ఈసారి ఆ తేదీని క్యాలెండరులో రాసిపెట్టుకుంది.